గింజ తగలని కేకు

ఆ గురువారం ఏ వేళకు ఏం జరగాలో ఆ ఇంట్లో బుధవారమే తేలిపోయింది. ఇల్లాలు సెలవు దొరక్క ఎనిమిదింటికి కంటి ఆసుపత్రికి వెళ్లి, రిసెప్షన్ బల్ల వెనుక ఒక పూట కూర్చుని, పన్నెండు దాటేసరికి తిరిగి వస్తుంది. ఆమె కొలిచి పెట్టిన పదార్థాలను భర్త తన ఆఫీసుకు సెలవు పెట్టి కలిపి, కాల్చి, చల్లార్చి ఉంచుతాడు. ఆ వెంటనే వీధి చివరి వ్యాయామశాల యజమాని స్వయంగా వచ్చి రుచి చూస్తాడు. నచ్చితే వ్యాయామశాల ముందుగదిలో ఖాళీగా ఉన్న అద్దాల కొట్టు ఆమెది. నచ్చకపోతే అది పళ్లరసాలవాడిది. ఆమె మాత్రం "తరువాతి వారు రండి" అని పిలుచుకుంటూ, తల నెరిసేదాకా అదే బల్ల వెనుక ఉండిపోతుంది.

కొట్టు ఇవ్వడానికి యజమాని పెట్టిన షరతు ఒక్కటే. అక్కడ అమ్మే తినుబండారంలో ధాన్యపు గింజ అన్నది తగలకూడదు. వ్యవసాయం పుట్టకముందు మనిషి ఏది తిన్నాడో అదే మనిషి తిండి అని ఆయన నమ్మకం. వరి, గోధుమ, జొన్న, మొక్కజొన్న, ఇవన్నీ ఆయన దృష్టిలో నిన్నమొన్న అబ్బిన దురలవాట్లు. అందుకని ఆ ఇల్లాలు ఏడాదిపాటు గింజ లేని పిండి కోసం తపస్సు చేసింది. కొబ్బరి పిండితో చేస్తే ఇసుక నమిలినట్టుంది. కర్రపెండలం పిండితో చేస్తే పైపళ్లు కిందిపళ్లను వదల్లేదు. అరటికాయ పిండి కేకు రంగు చూసి ఇంట్లోవాళ్లే ఆ దరికి పోలేదు. చివరికి తొక్కతోసహా కాస్త బరకగా విసిరిన బాదం పిండి, అందులో చిటికెడు కర్రపెండలం, కాసిని గుడ్లు, తేనె కలిసినచోట ఆమె కల తీపిగా కుదిరింది.

"ఆదిమానవుడు గుహలో కేకు కాల్చుకున్నాడా అక్కా?" అని అడిగింది ఆమె చెల్లెలు. లా చదువుతూ ఆ ఇంట్లోనే ఉంటోంది.

"కాల్చుకోలేదు కాబట్టే అంతరించిపోయాడు," అంది అక్క, చెప్పులు తొడుక్కుంటూ. తరువాత భర్త వైపు తిరిగింది. "ఏమండీ, అన్నీ కొలిచి పెట్టాను. కలపండి, కాల్చండి. అంతే. ఆలోచించకండి."

"కేకులో ఆలోచించడానికి ఏముంది?"

"ఏమీ లేదు. అయినా మీరు ఆలోచిస్తారు. అదే నా భయం."

ఆమె భయం ఉత్తది కాదు. ఆయన వంతెనలు కట్టే కంపెనీలో కాంక్రీటును పరీక్షించే ఇంజనీరు. ఇసుక ఎంత సన్నమో, కంకర ఎంత లావో, నీళ్లు ఎన్ని పట్టాలో తేల్చి, ఆ ముద్దను దిమ్మలుగా పోయించి, గట్టిపడ్డాక యంత్రం కింద నలగ్గొట్టి, విరిగిన ముఖంలోకి తేరిపార చూసి తీర్పు చెప్పడం ఆయన వృత్తి. ఆయన "సరే" అనేదాకా ఎంత పెద్ద వంతెన అయినా కాగితం మీదే నిలబడి ఉంటుంది. అలాంటి మనిషి చేతికి ఒక పొడి, ఒక గరిటె, ఒక గిన్నె ఇచ్చి ఆలోచించవద్దనడం పసివాడిని వానలో నిలబెట్టి తడవద్దనడమే.

భార్య వీధి మలుపు తిరిగిందో లేదో, ఆయన బాదం పిండిని చిటికెతో తీసి, వేళ్ల మధ్య నలిపి, కిటికీ వెలుతురులో చూశాడు. నొసలు ముడిపడింది.

"పిండి అంతా ఒక్క సైజులో లేదు," అన్నాడు.

"మనుషులున్నారా ఒక్క సైజులో? కలిపెయ్ బావా," అంది మరదలు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆయన కలపలేదు. జల్లెడ తీశాడు. ఆయన లోకంలో జల్లెడ కిందికి దిగినది సరుకు, పైన మిగిలినది చెత్త. ఆ చెత్తను ఆయన బాల్కనీ గోడ మీద పోశాడు. ఎక్కడెక్కడి పావురాలో దిగివచ్చాయి. అవి కడుపారా తిని, మెడలు ఉబ్బించుకుని, దీవిస్తున్నట్టు కూర్చున్నాక ఆయన గిన్నెలోకి చూసుకుంటే, ఏడాది తపస్సులో సగమే మిగిలింది.

"పావురాలకి బాదం పిండి పెట్టే ఇల్లు ఊరికంతటికీ మనదొక్కటే బావా. అక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. తగ్గినంతా ఇంకో పిండి పోస్తే సరి. అదీ పిండే, ఇదీ పిండే," అంటూ ఆయన అలమరలోంచి కొబ్బరి పిండి డబ్బా దించి, తగ్గినంతా తూచి పోశాడు. తూకం సరిపోయింది. ఆయన మనసు కుదుటపడింది.

కొబ్బరి పిండి సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే గుండె చిక్కబట్టుకుంటారు. అది పిండి కాదు, దాహం. గుడ్లు కొట్టి పోస్తే గుడ్లు తాగింది. తేనె పోస్తే తేనె తాగింది. కొబ్బరినూనె పోస్తే పుట్టింటి సొమ్మన్నట్టు హక్కుగా తాగింది. ఆఖరికి గరిటె ఆ ముద్ద నడుమ జెండాకర్రలా నిటారుగా నిలబడిపోయింది.

"కాసిని నీళ్లు పొయ్యి బావా."

ఇంజనీరు చెంపదెబ్బ తిన్నవాడిలా వెనక్కి తగ్గాడు. "నీళ్లా! కలిపేసిన ముద్దలో మళ్లీ నీళ్లా! కూలిపోయిన ప్రతి గోడ వెనకా అలా పోసిన చెంబుడు నీళ్లుంటాయి, తెలుసా నీకు?"

"ఇది గోడ కాదు, కేకు."

"సూత్రం ఒకటే."

సూత్రం నీళ్లను నిషేధించిందే గాని గుడ్ల ఊసు ఎత్తలేదు. కనుక ఆయన ఫ్రిజ్‌లో ఉన్న గుడ్లన్నీ తెచ్చి కొట్టాడు. ముద్ద వాటినీ మింగి, ఇంకా ఏమన్నా ఉందా అన్నట్టు నోరు తెరుచుకుని చూసింది. ఆయన మరదలి వైపు చూశాడు. మరదలు నిట్టూర్చి, పుస్తకం మూసి, పైఅంతస్తుకు వెళ్లింది.

పైన ఉండేది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ బడిని వదిలినా ప్రశ్నలు ఆవిడను వదల్లేదు.

"ఎన్ని గుడ్లు కావాలి?"

"ఎన్నుంటే అన్ని, టీచర్ గారూ."

"మీ బావ ఏం చేస్తున్నాడు?"

"వంట."

"పనిరోజున ఇంట్లో కూర్చుని వంటా?" హెడ్‌మిస్ట్రెస్ కళ్లద్దాలు పైకి జరుపుకుంది. "నా దగ్గర దాచకమ్మా. ఏదైనా ఇబ్బందా?"

"ఇబ్బందేనండీ," అంది మరదలు. కింద ఆ గిన్నె ముందు నిలుచున్న బావ ముఖం గుర్తుకొచ్చి ఆమె నుదురు కొట్టుకుంది. "మధ్యాహ్నం ఒక పెద్దాయన వస్తున్నాడు. ఆయన దయతలిచి సరేనంటే గట్టెక్కినట్టు. లేకపోతే మా అక్క ఏమైపోతుందో!"

ప్రతి మాటా కోర్టులో నిలబడే నిజమే. కానీ హెడ్‌మిస్ట్రెస్ ఆ నిజాలను తన పద్ధతిలో కూడుకుంది. కిందింటి ఇల్లాలు ధాన్యం మానేసిన రోజున తమ బియ్యం, గోధుమపిండి, బిస్కట్లు తెచ్చి ఆవిడకు ఇచ్చేస్తూ "ఇక మాకు వీటితో పనిలేదండీ" అంది. అప్పటినుంచి మనిషి చిక్కుతూ వస్తోంది. ఇప్పుడు చూస్తే మొగుడు పనిరోజున ఇంట్లో ఉన్నాడు. గుడ్లకు పొరుగింటికి పంపుతున్నాడు. ఎవరో పెద్దమనిషి దయకోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. అయితే ఆ అబ్బాయి ఉద్యోగం ఊడిందన్నమాట! ఆవిడ గుడ్ల బుట్టను బుట్టతోసహా మరదలి చేతిలో పెట్టి, తలుపు వేసి, కళ్లు ఒత్తుకుని, ఎదురింటి టైలరుకు ఫోన్ చేసింది.

కింద ఇంజనీరుకు ఈ కూడికలేవీ తెలియవు. బుట్టెడు గుడ్లూ పడ్డాక ముద్ద ఒక్కసారిగా సొమ్మసిల్లి, చారులా జారిపోయింది. "ఇప్పుడు పట్టు కావాలి," అని ఆయన కర్రపెండలం పిండి సంచీని వంచాడు. చిటికెడు పడవలసినచోట సంచీ మొత్తం పడింది. బీటరు తిప్పితే ఆ మిశ్రమం తాళ్లు తాళ్లుగా సాగి, బీటరును పట్టుకుని, బీటరుతోపాటు తిరిగి, చివరకు బీటరునే ఆపేసింది. కాలిన వాసన వచ్చింది. చిన్నగిన్నె చాలక పెద్దగిన్నె, పెద్దగిన్నె చాలక కొత్తగా కొన్న బకెట్టు వంటింటి నడుమకు వచ్చాయి.

"బావా, అది ఊపిరి తీసుకుంటోంది," అంది మరదలు, గుమ్మం దాటి లోపలికి రాకుండా.

"ఊపిరి కాదు, బుడగలు. ఇంక ఆలస్యం చేయకూడదు. పోత మొదలెడితే మధ్యలో ఆపకూడదు. కొంత ఇప్పుడు, కొంత తరువాత అంటే అతుకు నిలవదు. ఇదంతా ఒకేసారి కాలాలి. ఇంకో ఓవెన్ కావాలి."

ఆ విధంగా సగం ముద్ద ఆ ఇంటి ఓవెన్లోకీ, మిగతా సగం ట్రేలో ఎక్కి పైఅంతస్తుకూ వెళ్లాయి. ట్రేను ఇంజనీరే మోసుకెళ్లాడు. ముంజేతుల దాకా జిగురు, కనుబొమల మీద తెల్లపొడి, చొక్కాకు అంటిన గుడ్డు సొన. హెడ్‌మిస్ట్రెస్ ఆయన్ని చూసి, ట్రేను చూసి, మళ్లీ ఆయన్ని చూసింది.

"ఇది తినడానికేనా బాబూ?"

"తినడానికేనండీ. మా పరువంతా దీంట్లోనే ఉంది. నలభై నిమిషాలు కాలితే చాలు."

"వెళ్లి కాస్త నడుం వాల్చు నాయనా. ఇదంతా నాకు వదిలెయ్," అంది ఆవిడ, జ్వరం వచ్చిన పిల్లవాడితో మాట్లాడే గొంతుతో. ఎంత మంచి మనుషులో అనుకుంటూ ఇంజనీరు మెట్లు దిగాడు.

పన్నెండు కావస్తుండగా తన ఓవెన్ తలుపు తీశాడు. కేకు పొంగలేదు, పగల్లేదు. నున్నగా, బూడిదరంగులో, పరమ నిబ్బరంగా ఉంది. ట్రేను బోర్లిస్తే దిమ్మ చేతిలోంచి జారి నేల మీద పడింది. పడి, మూరెడెత్తు ఎగిరి, సోఫా కాలికి కొట్టుకుని, చెక్కుచెదరకుండా నిలిచింది.

"ఎంత బలం!" అన్నాడు ఇంజనీరు అప్రయత్నంగా.

"నాకు మా అక్క చేతుల బలం తలుచుకుంటే భయంగా ఉంది," అంది మరదలు.

అప్పుడే తలుపు చప్పుడైంది. బావామరదళ్లు ఉలిక్కిపడ్డారు. వచ్చింది వ్యాయామశాల యజమాని కాదు, ఎదురింటి టైలరు. భుజం మీద బియ్యం బస్తా, చంకలో రొట్టెల ప్యాకెట్లు, చేతిలో గోధుమపిండి సంచీ. అన్నింటినీ భోజనాల బల్ల మీద దించి, ఆయన ఇంజనీరు చేతులు పట్టుకున్నాడు. చేతులు వెంటనే అంటుకుపోయాయి.

"మొహమాటపడకండి ఇంజనీరు గారూ. ఇవాళ మీకు, రేపు నాకు. ఉద్యోగం ఇంకోటి రాకపోతుందా?"

"ఏ ఉద్యోగం? ఎవరికి?"

"అయ్యో, ఎంత గుంభనం! మీలాంటి మానధనులే లోపల్లోపల కుమిలిపోతారండీ. మా షాపులో కాజాలు కుట్టే పనుంది, మీరు కాదనకపోతే."

"బావా, ముందు ఆ సంచీలు!" అని మరదలు కేక పెట్టింది. "గింజలు! బల్లనిండా గింజలు! వచ్చే ఆయన వీటిని చూశాడంటే గుమ్మంలోంచే వెనక్కి పోతాడు!"

ఇంజనీరు చేతులు విడిపించుకోలేక టైలరును కూడా లాక్కుంటూ బల్ల దగ్గరికి పరుగెత్తాడు. మరదలు రొట్టెలను సోఫా మెత్తల కింద తోసింది. బియ్యం బస్తాను ముగ్గురూ కలిసి మంచం కిందికి ఈడుస్తుండగా దాని మూతి విప్పుకుని గింజలు ముందుగది పొడవునా జలజలా రాలాయి. సరిగ్గా ఆ క్షణాన తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఇల్లాలు, ఆమె పక్కన గుమ్మానికి పట్టనంత వెడల్పుగా వ్యాయామశాల యజమాని. ఇద్దరూ గేటు దగ్గర కలుసుకుని, నవ్వుతూ మాట్లాడుకుంటూ మెట్లెక్కి వచ్చారు. ఇప్పుడు నవ్వు ఇద్దరిలో ఎవరి ముఖానా లేదు.

"ఏమిటివి?" అన్నాడు యజమాని, చెప్పుకింద నలిగిన బియ్యపు గింజను చూస్తూ.

సమాధానం మెట్ల మీదినుంచి వచ్చింది. "తిండిగింజలు నాయనా," అంటూ హెడ్‌మిస్ట్రెస్, గుడ్డ కప్పిన ట్రేతో లోపలికి వచ్చింది. "మేమే తెచ్చిపెట్టాం. ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటాం? ఈ ఇంట్లో గింజన్నది లేదు."

"లేదా?" యజమాని కళ్లు మెరిశాయి. "ఎన్నాళ్లుగా?"

"ఏడాదిగా! మెతుకు ముట్టలేదు, రొట్టె ముక్క తుంచలేదు. ఈ పిల్ల ఎలా చిక్కిపోయిందో నా కళ్లారా చూశాను."

"ఆహా!" అన్నాడు యజమాని. "ఇరుగుపొరుగు తెచ్చి ఇచ్చినా తినరన్నమాట!"

"తినరు. మంచం కింద దాచేస్తున్నారు. అంత అభిమానం!"

యజమాని ఇల్లాలి వైపు తిరిగి గౌరవంగా తల వంచాడు. ఇల్లాలు ఏమీ అర్థంకాక తనూ వంచింది. ఆ మర్యాదల చాటున మరదలు గోధుమపిండి సంచీ మీద కూర్చుంది.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు కింద కాలిన దిమ్మ వచ్చింది. ఇల్లాలు దాన్ని చూసి భర్తను చూసింది. ఆ చూపులో రాబోయే పదేళ్ల సంభాషణ ఉంది. ఆమె కత్తి పెడితే కత్తి దిగింది. తీస్తే గాయం మూసుకుపోయింది. యజమాని ఒక ముక్క నోట్లో వేసుకుని, దవడ కండరాలన్నీ ఉబ్బించి, చాలాసేపు వ్యాయామం చేశాడు. మింగాక మంచినీళ్లు అడిగాడు.

"ఇది నమూనా మాత్రమేనండీ," అంది మరదలు హడావుడిగా. "అసలుది ఇదిగో," అని హెడ్‌మిస్ట్రెస్ చేతిలోని ట్రే మీద గుడ్డ తీసింది.

గది మొత్తానికి ఒక్కసారి వెచ్చటి వాసన పట్టింది. బంగారు రంగు, నిండుగా పొంగిన నడుము, అంచున సన్నటి ఎరుపు. యజమాని ముక్క కొరికాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. మూడో ముక్కకు ఆయన ముఖంలో బాల్యం కనిపించింది. నాలుగోదానికి ఎవరినీ అడగలేదు. అయిదోది నమిలి మింగి, చేతులు దులుపుకున్నాడు.

"అమ్మా, ఇంక చూసేదేమీ లేదు. రేపట్నించి కొట్టు మీది."

ఇల్లాలు భర్త వైపు చూసింది. ఆమె చేతి కేకు ఏనాడూ అలా పొంగలేదు. "ఇది మీరు చేశారా?" అంది నెమ్మదిగా. పెళ్లయినప్పటినుంచి ఏ వంతెన చూపించినా ఆమె కళ్లలోకి రాని మెరుపు ఆ వేళ వచ్చింది. ఇంజనీరు ఆ మెరుపులో ఒక్క క్షణం హాయిగా నిలుచున్నాడు. ఆ తరువాత పాడు అలవాటు కొద్దీ ఒక ముక్క తీసి, రెండుగా విరిచి, విరిగిన ముఖంలోకి చూశాడు.

ముక్క పుటుక్కున విరగలేదు. మెత్తగా సాగి, సన్నటి పోగులు వదిలి, అప్పుడు విడిపోయింది. లోపల గుండ్రటి గదులు, గదికీ గదికీ నడుమ పల్చటి గోడలు. బాదానికి ఆ పోగు లేదు. కొబ్బరికి ఆ గది లేదు. కర్రపెండలం ఎలా సాగుతుందో ఆయన ముంజేతులే చెబుతున్నాయి. ఇది వేరే సరుకు. ఆయన తలెత్తి హెడ్‌మిస్ట్రెస్ వైపు చూశాడు. ఆవిడ చల్లగా నవ్వి, 'మన మధ్యే ఉంటుందిలే' అన్నట్టు కళ్లు మూసి తెరిచింది.

యజమాని లేచి చేయి చాచాడు. ఇల్లాలు చేయి చాచబోయింది. నోరు మూసుకుని ఊరుకుంటే కొట్టు వచ్చినట్టే. తెరిస్తే పోయినట్టే. కొట్టుతోపాటు ఆ మెరుపూ పోతుంది. ఇంజనీరు చేతిలోని ముక్కను బల్ల మీద పెట్టాడు.

"ఆ శాంపిల్ చెల్లదు," అన్నాడు.

"ఏమండీ!"

"చెల్లదే. ఇందులో గోధుమ ఉంది."

"ఉండదూ మరి?" అంది హెడ్‌మిస్ట్రెస్, ఇంక దాచి లాభం లేదని. "మీరు నాకిచ్చిన పిండే, ఫ్రిజ్‌లో దాచి ఉంచింది, గుప్పెళ్లతో పోశాను. చక్కెర, సోడా కూడా వేశాను. మనుషులు తినేదేనా అది? కాళ్లూ చేతులూ అతికించే జిగురు! ఉద్యోగం పోయినంత మాత్రాన అలాంటిది తింటారా?"

"ఎవరి ఉద్యోగం పోయింది?" అంది ఇల్లాలు.

"అది తరువాత చెప్తానక్కా," అంది మరదలు గోధుమపిండి మీదినుంచి.

ఇల్లాలు ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. తెరిచి, బల్ల దగ్గరికి నడిచి, "క్షమించండి. మీరు తినకూడనిది మీకు పెట్టాం. నా కేకు ఇది కాదు, అదీ కాదు. కొట్టు మీరు ఇంకెవరికైనా ఇచ్చుకోండి," అని ట్రేను తనవైపు లాక్కుంది. ట్రే రాలేదు. రెండో అంచును యజమాని పట్టుకుని ఉన్నాడు.

"ఉండండమ్మా," అన్నాడాయన. "మీకంటే ముందు ఇద్దరు వచ్చారు. ఇద్దరి కేకుల్లోనూ గోధుమే. ఇద్దర్నీ అడిగాను. ఇద్దరూ పిల్లల మీద ఒట్టేసి లేదన్నారు. వాళ్లకి కొట్టిచ్చి, నన్ను నమ్మి వచ్చేవాళ్లకి ఏం సమాధానం చెప్పను? పిండి బాగోలేకపోతే ఇంకోసారి చేసుకోవచ్చు. మీ ఆయన్లాంటి మనిషిని ఇంకోసారి చేసుకోలేం." ఆయన ఇంజనీరు భుజం తట్టాడు. ఇంజనీరు రెండడుగులు ముందుకు వెళ్లి ఆగాడు. "కొట్టు మీదే. ఆదివారం మీ చేతి కేకు పట్టుకురండి. కలిపేది మీరు, పరీక్షించేది ఆయన. ఒకళ్ల పనిలో ఒకళ్లు వేలు పెట్టొద్దు."

"ఆయన వంటింట్లోకి రారు," అంది ఇల్లాలు తక్షణం. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేయి వెనుకగా వెళ్లి భర్త చేతిని పట్టుకుంది. ఆ చేయి ఇంకా జిగురుగానే ఉంది. కావాలన్నా అంత తొందరగా వదిలేది కాదు.

గుమ్మం దాటబోతూ యజమాని వెనక్కి తిరిగి, తనను ఎవరూ మోసగించలేరనీ, గోధుమ సంగతి తనకు మొదటి ముక్క నోట్లో పడగానే తెలిసిపోయిందనీ, వీళ్లలో ఎవరు నోరు తెరుస్తారో చూద్దామని ఊరుకున్నాననీ గంభీరంగా చెప్పాడు. మొదటి ముక్కకే తెలిసిపోయిన సంగతికి ఆ తరువాతి నాలుగు ముక్కలూ దేనికని ఆయన్ని ఎవరూ అడగలేదు.